ఒళ్లు వదులు కావట్లేదు, ఊపిరి మీద ధ్యాస పెడితే ఇంకా బిగుసుకుంటోంది. ఏం చేయాలి?

ఆకివీడు_గట్టు:

అందరికీ నమస్కారమండీ. మాది ఆకివీడు పక్కన పల్లె. వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నాను. కొంత సొంతం, ఎక్కువ లీజు. ఈసారి గోల చెరువుది కాదు, నాది.

రొయ్యలు చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారగట్ల డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుందన్న భయంతోనే రాత్రి గడుస్తుంది. పగలంతా ఆక్సిజన్ తయారుచేసిన నీళ్లలోని పచ్చదనమే రాత్రంతా రొయ్యతో పోటీపడి దాన్ని తాగేస్తుంది. ఎండ తగిలేదాకా కొత్తది పుట్టదు. మీటర్ 4 కిందకి దిగితే మేత మానేస్తాయి, ఇంకా దిగితే అంచులకొచ్చి తేలతాయి. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే జనరేటర్ వేసేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు.

ఇప్పుడు రొయ్యల పట్టుబడి అయిపోయింది. చెరువులు ఎండగట్టాం. అయినా అదే టైముకి మెలకువ వచ్చేస్తోంది. లేచేసరికి పళ్లు బిగబట్టి ఉంటాయి, భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, పొట్ట రాయిలా ఉంటుంది. మొన్న అమలాపురం అత్తారింటికి వెళ్తే అక్కడా అంతే. చుట్టూ కొబ్బరిచెట్లు తప్ప చెరువన్నది లేదు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది, గుండె ఝల్లుమని లేచి కూర్చున్నాను. మా ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తోంది.

డాక్టర్ గారు ఈసీజీ, థైరాయిడ్ చూశారు, బాగానే ఉన్నాయి. బీపీ కాస్త పైన ఉంది. ఒక మాత్ర రాసి, ‘టెన్షన్ తగ్గించుకో, బ్రీతింగ్ ఎక్సర్‌సైజులు చెయ్యి’ అన్నారు. ఎలా చేయాలో అడిగేలోపు తర్వాతి పేషెంట్ కుర్చీలో కూర్చున్నాడు.

వీడియో చూసి గట్టిగా పీల్చి, పట్టి ఉంచి, వదలడం మొదలుపెట్టాను. కాసేపటికే వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ మొద్దుబారింది, తల తేలిపోయింది. ఇదేదో గుండెకే వచ్చిందనుకున్నాను. తర్వాత మా మేనల్లుడు మైండ్‌ఫుల్‌నెస్ యాప్ ఒకటి వేశాడు. అందులో ఆవిడెవరో ఇంగ్లీషులో ‘ప్రశాంతమైన సముద్రతీరంలో ఉన్నట్టు ఊహించుకోండి’ అంటుంది. మాకు సముద్రం అంటే మొదట గుర్తొచ్చేది తుపానే కదండీ!

ఇంకొకటి. ఊపిరిని గమనించమంటే, గమనించగానే అది సరిగ్గా ఆడటం మానేస్తుంది. నేను తీస్తే తప్ప లోపలికి రాదన్నట్టు ఉంటుంది. నాలాంటి వాళ్లకి ఇది పనికొస్తుందా? వస్తే ఏది చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పుటేరు_కుర్రోడు:

అన్నా, చేపలకి మారిపో. శీలావతి, బొచ్చె వేసుకుని హాయిగా నిద్రపో. మా నాన్న గురక మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది.

సరే, జోకు పక్కన పెడితే, కరెంటు పోగానే ఫోన్‌కి కాల్ వచ్చే మోటారు స్టార్టర్లు ఉన్నాయి కదా, పెట్టించావా? అవి ఉంటే చెవి ఎప్పుడూ మోటారు మీద ఉంచక్కర్లేదు. ఊపిరి సంగతి పెద్దవాళ్లు చెప్తారు.

పాలకొల్లు_సిస్టర్:

బాబూ, నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం సర్జికల్ వార్డులోనే. ఆపరేషన్ ముందు రోజు పేషెంట్‌కి ఊపిరి తీయడం నేర్పించడం మా పనుల్లో ఒకటి. మూడు బంతులు ఉండే ప్లాస్టిక్ పెట్టె చూసే ఉంటారు, గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. అందులో పెద్ద ఊపిరే కావాలి. ఎందుకంటే మత్తు ఇచ్చి కోసినాక నొప్పికి పేషెంట్ పైపైనే ఊపిరి తీస్తాడు, ఊపిరితిత్తుల అడుగుభాగం మూసుకుపోయి కఫం పట్టేస్తుంది. అది ఊపిరితిత్తుల కోసం చేయించే కసరత్తు. మీకు కావలసింది ఒంటిని నెమ్మదింపజేసే పద్ధతి. ఈ రెండిటినీ కలిపేసి అందరికీ ‘గట్టిగా పీల్చండి’ అని చెప్పేస్తున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మీ తిమ్మిర్లకి కారణం చెప్తాను, భయపడకండి. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఏ అలమారాలోనో పడి ఉంటుంది. తీసి వేలికి పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మామూలుగా కూర్చున్నప్పుడే 97, 98 చూపిస్తుంది. ఇంక అందులో నింపడానికి ఖాళీ ఎక్కడుంది? చెరువుకి ఏరేటర్ కావాలి గానీ మీకు అక్కర్లేదు బాబూ. గబగబా, గట్టిగా పీల్చి వదిలితే ఆక్సిజన్ పెరగదు, రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకి వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తేలుతుంది. వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి. దాన్ని చూసి భయపడి ఇంకా గట్టిగా పీలుస్తారు, ఇంకా ఎక్కువవుతుంది. వార్డులో అటెండెంట్లుగా వచ్చిన ఆడపిల్లలు ఇలా చేతులు కొంకర్లు పోయి పడిపోవడం చాలాసార్లు చూశాను. పక్కన కూర్చుని ‘నాతో పాటు మెల్లగా వదలమ్మా’ అని చేయిస్తే సర్దుకునేవారు.

కాబట్టి పీల్చడం సంగతి వదిలేయండి. వదలడం చూసుకోండి. మణికట్టు దగ్గర నాడి మీద రెండు వేళ్లు పెట్టి మెల్లగా ఊపిరి తీసి వదలండి. తీసేటప్పుడు నాడి కొంచెం జోరందుకుంటుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. కొందరికి స్పష్టంగా తెలుస్తుంది, వయసు మీదపడినవాళ్లకి అంతగా తెలియదు. మెదడు నుంచి గుండెకీ పొట్టకీ దిగే వేగస్ నరం చేసే పని అది. ఒంట్లో బ్రేకు ఏదన్నా ఉంటే అదే. వదలడం పొడుగైతే ఆ నరానికి పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

చేసే పద్ధతి: వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద తలగడ పెట్టుకోండి. లుంగీ ముడి, బెల్టు ఏది ఉన్నా వదులు చేయండి. చాలామంది దీన్ని మర్చిపోతారు, పొట్ట కట్టేసుకుని పొట్టతో ఊపిరి తీయమంటే ఎక్కడ తీస్తాడు? ఒక చెయ్యి రొమ్ము మీద, ఒకటి బొడ్డు మీద. ముక్కుతో చిన్నగా, పక్కవాడికి వినపడనంత మెల్లగా, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు తీయండి. బొడ్డు మీది చెయ్యి లేవాలి, పైది దాదాపు కదలకూడదు. నిండా తీయొద్దు, ముప్పావు చాలు. తర్వాత ఆరు అంకెలంతసేపు వదలండి. వేడి పాలు చల్లార్చేటట్టు పెదవులు గుండ్రంగా పెట్టి వదిలినా సరే. ఆఖరి చుక్క దాకా పిండొద్దు. పట్టి ఉంచొద్దు. ఇలా చేస్తే నిమిషానికి ఆరు ఊపిర్లు వస్తాయి. మామూలుగా పెద్దవాళ్లకి 12 నుంచి 20 దాకా ఉంటాయి. ఆరు కష్టమైతే తొమ్మిదో పదో చాలు, పరీక్షేమీ కాదు. అయిదు నిమిషాలు చేయండి.

కపాలభాతి, భస్త్రిక లాంటి జోరు ప్రాణాయామాల జోలికి ఇప్పుడు పోకండి. బీపీ పైన ఉందన్నారు, పైగా అవి ఉత్సాహం తెప్పించేవి, పడుకోబెట్టేవి కావు.

ఇంకొక ముఖ్యమైన మాట. రొమ్ములో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పట్టడం వస్తే ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, బండెక్కి ఆసుపత్రికి పోండి. డాక్టర్ రాసిన మాత్ర సొంతంగా మానకండి. మీ ఆవిడని అడగండి, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారా అని. అదైతే వేరే జబ్బు, దానికి నిద్ర పరీక్ష ఉంటుంది.

కొవ్వూరు_మౌని:

సిస్టర్ గారూ, వైద్యంలో మీరు చెప్పిందానికి నేను అడ్డు చెప్పను. కానీ ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. ఊపిరిని పొడుగు చేయడం, లెక్కపెట్టడం ప్రాణాయామం వైపు వెళ్తుంది. ఊపిరిని గమనించే ఆనాపాన ధ్యానంలో దాన్ని ముట్టుకోకూడదు. పొట్టిగా వస్తే పొట్టిగా, పొడుగ్గా వస్తే పొడుగ్గా, కుడిముక్కులో ఆడుతుంటే కుడిముక్కులో, ఉన్నది ఉన్నట్టు చూడాలి.

నేను ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన ధ్యాన శిబిరం చేశాను. 10 రోజులు. మాటలుండవు, ఫోన్ వెళ్లగానే ఇచ్చేయాలి, తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఫీజు లేదు, ముందు చేసినవాళ్లు ఇచ్చిన దానంతో నడుస్తుంది. మొదటి మూడు రోజులూ ముక్కు పుటాల దగ్గర, పైపెదవి మీద ఊపిరి తగిలే చోటు చూడటమే పని. నాలుగో రోజు నుంచి తల నుంచి కాళ్ల దాకా ఒళ్లంతా గమనిస్తూ పోవాలి. నొప్పి వస్తే నొప్పి, దురద వస్తే దురద, గోకకూడదు. ఈ శిబిరాలు మొదలుపెట్టిన గోయెంకా గారు బర్మాలో మొదట ఈ దారికి వచ్చింది మైగ్రేన్ తలనొప్పి భరించలేకే. తలనొప్పి తగ్గించుకోవడానికే అయితే రావద్దని గురువు ఊ బా ఖిన్ ఆయన్ని వెనక్కి పంపేశారని చెప్తారు. రిలాక్స్ అవ్వాలని కూర్చుంటే రిలాక్స్ అవ్వరు అని నా అనుభవం కూడా.

లేసు_లక్ష్మి:

నరసాపురం పక్కన మాది. లేసు అల్లుతాను. రోజంతా తల వంచుకుని కూర్చుంటే సాయంత్రానికి మెడ, దవడ పట్టేస్తాయి. ఒకరోజు గమనించాను, ముడి లాగిన ప్రతిసారీ పళ్లు నొక్కుతున్నాను, ఊపిరి బిగబడుతున్నాను. చెయ్యి చేసే పనికి నోటితో ఏం సంబంధమండీ! అప్పటి నుంచి నాలుకని పైపళ్ల వెనక ఆనించి, కింది దవడ వేలాడేసినట్టు వదిలేస్తున్నాను. నాలుక అలా ఉంటే పళ్లు నొక్కడం తగ్గుతోంది. వరస మారినప్పుడల్లా ఒకసారి భుజాలు దించుకుంటాను. అంతకన్నా నాకు ధ్యానం కుదరదు, ఇద్దరు పిల్లలు. అన్నయ్యగారు దవడ సంగతి రాశారు కదా, అది మొదలుపెట్టి చూడండి.

ఆకివీడు_గట్టు:

అందరికీ ధన్యవాదాలు. తిమ్మిర్ల కారణం తెలిశాక సగం భయం పోయిందండీ. లుంగీ ముడి మాట చదివి మా ఆవిడ పడీ పడీ నవ్వింది. గురక ఉందట గానీ ఊపిరి ఆగడం లేదంది. నాలుక చిట్కా భలే ఉంది, ట్రాక్టర్ నడుపుతూ కూడా చేస్తున్నాను.

పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే బాగానే ఉంది. కానీ లెక్కపెట్టే కొద్దీ ‘నేనే తీస్తున్నాను’ అన్న ఆ బిగువు మళ్లీ వస్తోంది. మౌని గారు చెప్పినట్టు ఊరికే చూద్దామన్నా అదే. ఇద్దరూ పెద్దవాళ్లు, ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఇంకో విషయం, వచ్చే నెల చెరువుల్లో మళ్లీ రొయ్య పిల్ల వేస్తాం. గట్టు మీద నిలబడి చేసుకునేది ఏమన్నా ఉందా?

పాలకొల్లు_సిస్టర్:

మౌని గారూ, మీతో పేచీ లేదండీ. మీది చూసే దారి, నేను చెప్పింది ఒంటిని ముందు కాస్త కిందకి దించే ఉపాయం. ఒళ్లు ఇంతలా బిగుసుకున్న మనిషిని నేరుగా 10 రోజులు కదలకుండా కూర్చోబెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. నిద్ర పట్టక మాత్రలు వాడుతున్నవాళ్లు అలాంటి శిబిరాలకి వెళ్లేముందు డాక్టర్ని, శిబిరం వాళ్లని అడిగే వెళ్లాలి.

బాబూ, ఊపిరి మీద ధ్యాస పెడితే బిగుసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అలాంటప్పుడు ఊపిరిని వదిలేసి కండరాల దగ్గర మొదలుపెట్టండి. అమెరికాలో ఎడ్మండ్ జాకబ్సన్ అనే డాక్టర్ సుమారు వందేళ్ల క్రితం రూపొందించిన పద్ధతి ఇది. వదులు చెయ్యి అంటే ఒంటికి అర్థం కాదు, అందుకని ముందు బిగించమంటాడు. కుడి పిడికిలి గట్టిగా, పూర్తి బలంతో కాదు, ముప్పావు బలంతో ఐదారు సెకన్లు బిగించండి. బిగువు ఎక్కడిదాకా పాకిందో చూడండి, మోచేతి దాకా వస్తుంది. ఒక్కసారిగా వదిలేయండి. ఇరవై సెకన్లు ఆ చేతిలో ఏం జరుగుతోందో చూడండి. వెచ్చగా, బరువుగా అనిపిస్తుంది. తర్వాత ఎడమ చెయ్యి. తర్వాత భుజాలు చెవుల దాకా లేపి వదలండి. మీ భుజాలకి అది బాగా అలవాటైన దారే కాబట్టి అక్కడ తేడా బాగా తెలుస్తుంది. తర్వాత నుదురు, దవడ, పొట్ట, తొడలు, పిక్కలు. పిక్కల దగ్గర జాగ్రత్త, కాలివేళ్లు మీ వైపు లాక్కోండి, అటు చాచితే కొంకర్లు పట్టేస్తాయి. బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉంది. మెడకి దెబ్బ తగిలి ఉంటే మెడ వదిలేయండి.

ఇంత చేశాక ఊపిరి దానంతట అదే నెమ్మదిస్తుంది, మీరు తీయక్కర్లేదు.

ఇక మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఆ బీచ్ ఆవిడ చెప్పేది కాదండీ. 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన ఒక కోర్సు మొదలుపెట్టారు. మందులతో నొప్పి పూర్తిగా తగ్గని దీర్ఘరోగుల్ని డాక్టర్లు ఆయన దగ్గరికి పంపేవాళ్లు. అందులో ముఖ్యమైనది, పడుకుని కాలి బొటనవేలు నుంచి మొదలుపెట్టి ఒళ్లంతా ఒక్కొక్క చోటే గమనించడం. మౌని గారు చెప్పినదానికి దగ్గరి చుట్టం. ఊహించుకోవడం ఏమీ ఉండదు, ఉన్నదాన్నే చూడాలి. మధ్యలో మనసు మేత కొట్టు బాకీ మీదకి పోతుంది. పోయిందని తెలిసింది కదా, మళ్లీ పిక్క దగ్గరికి రావడమే. రోజుకి వందసార్లు పోయినా చెయ్యడం చేతకాలేదని అనుకోకండి, ఆ తిరిగి రావడమే అందులో పని.

గట్టు మీద సంగతి. మా తమ్ముడు ఉండి దగ్గర చెరువులు చేస్తాడు, అందుకే నాకు కొంచెం తెలుసు. డీవో మీటర్ ప్రోబ్ నీళ్లలో వేశాక అంకె స్థిరపడటానికి కాసేపు పడుతుంది కదా. ఆ కాసేపూ మీరు తెర వైపు కళ్లు చిట్లించి, ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. మీరు ఎంత గుడ్లప్పగించి చూసినా అంకె మారదు! తెర మీంచి చూపు తీసి, అరికాళ్ల మీదకి పెట్టండి. మడమ మీద ఎంత బరువుంది, వేళ్ల మీద ఎంతుంది. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి కొద్దిగా ఒరిగి చూడండి. చెప్పులు మాత్రం విప్పకండి, గట్ల మీద పాములుంటాయి. భుజాలు దించండి. ఒక్క పొడుగాటి ఊపిరి వదలండి. అప్పుడు మీటర్ చూడండి. అంకె బాగోకపోతే చేయాల్సిన పని ఎలాగూ చేస్తారు, వదులు చేతులతో స్విచ్ వేసినా ఏరేటర్ తిరుగుతుంది.

రాత్రి మెలకువ వస్తే గడియారం, ఫోన్ చూడకండి. ఓ ఇరవై నిమిషాలు దొర్లినా నిద్ర పట్టకపోతే లేచి చిన్న లైటులో కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాక మంచమెక్కండి. పక్క మీద పడుకుని పోట్లాడితే పక్క అంటేనే పోట్లాట అన్నట్టు ఒళ్లు నేర్చుకుంటుంది. సాయంత్రం నాలుగు దాటాక టీ మానేయండి. గుట్కా, సిగరెట్ ఉంటే, మీరు రాయలేదు గానీ, అవి గుండెని పరుగెత్తించేవే.

వారాల తరబడి చేసినా ఫ్యాన్ ఆగితే ఝల్లుమనడం తగ్గకపోతే, పగలు కూడా మనసు దిగులుగా ఉంటే సైకియాట్రిస్టుని కలవండి, అందులో నామోషీ ఏమీ లేదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ఇంకా, ఆ కుర్రాడు చెప్పిన స్టార్టర్ పెట్టించండి. కాపలా అబ్బాయితో రాత్రులు వంతులేసుకోండి. మనిషి రోజూ రెండింటికి లేస్తూ ఉంటే నేను ఎన్ని ఊపిర్లు నేర్పినా చాలవు.

కొవ్వూరు_మౌని:

మీటర్ మాట బాగుంది సిస్టర్ గారూ. గట్టు గారూ, నేను చెప్పిన శిబిరం ఇప్పుడే వద్దు లెండి, మీ నిద్ర ఒక దారికి వచ్చాక చూద్దాం.

ఆకివీడు_గట్టు:

ఆయ్, అలాగేనండీ. పిడికిలిది చేశాను. వదిలాక అరచేయి అంత బరువెక్కుతుందని ఎప్పుడూ గమనించలేదు. భుజాల దగ్గరికి వచ్చేసరికి నిద్ర పట్టేసింది, మిగతావి ఎలా ఉంటాయో ఇంకా తెలియదు. అలా మధ్యలో నిద్రపోతే పర్లేదా?

పాలకొల్లు_సిస్టర్:

రాత్రి చేస్తే నిద్రపోండి, అంతకన్నా కావాల్సిందేముంది. పగలు ఒకసారి కూర్చుని కూడా చేయండి, అప్పుడే పిక్కల దాకా వెళ్తారు.

రాజోలు_కొబ్బరి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి సిస్టర్ గారూ. మా అమ్మకి కట్టెల పొయ్యి పొగతో ఆయాసం వచ్చింది, ఇన్‌హేలర్ వాడుతుంది. ఈ నాలుగు, ఆరు లెక్క ఆవిడతో చేయించొచ్చా?

పాలకొల్లు_సిస్టర్:

లెక్కలు పెట్టొద్దు బాబూ, ఆయాసం ఉన్నవాళ్లకి అంకెలు అందుకోలేక కంగారు పుడుతుంది. పెదవులు సున్నా చుట్టి వదలడం మాత్రం నేర్పండి. అది అచ్చంగా వాళ్లకి పనికొచ్చేదే, గాలి గొట్టాలు తొందరగా మూసుకుపోకుండా లోపల చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది. పడుకోబెట్టకండి. కుర్చీలో కూర్చోబెట్టి, కొంచెం ముందుకి వంచి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించమనండి. ముక్కుతో తీసి, తీసినదానికి రెట్టింపు సేపు పెదవులతో వదలాలి, ఊదకూడదు. మెట్లెక్కేటప్పుడు, స్నానం చేసి వచ్చాక చేసుకుంటే చాలు. ఇన్‌హేలర్ మానకూడదు. పెదవులు, గోళ్లు నీలం తిరిగినా, మాట పూర్తి చేయలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొయ్యి మార్చారా?